లొకేషన్ అడిగే ముందు

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం, సోషల్ మీడియానీ లొకేషన్ యాప్‌లనీ వాడి ఆన్‌లైన్‌లో జనాన్ని ఎలా దగ్గర చేసుకోవాలి అన్నది. ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది లైబ్రరీలకో, మ్యూజియాలకో, స్వచ్ఛంద సంస్థలకో పేజీలు నడుపుతున్నారని నిర్వాహకులు చెప్పారు. అంటే ఫొటో తీసేదీ మీరే, పోస్ట్ రాసేదీ మీరే, రాత్రి పదింటికి వచ్చిన కామెంట్‌కు జవాబిచ్చేదీ మీరే. అదీ వేరే పని చేసుకుంటూ. కాబట్టి పెద్ద కంపెనీల ప్రచారాల గురించి నేను మాట్లాడను. చేతిలో ఒక ఫోను, రోజుకో గంట టైము ఉన్నవాళ్లకు పనికొచ్చేదే చెప్తాను.

ముందు కొంచెం పాత కథ. ఈ రంగంలో నిలబడ్డ యాప్‌ల కన్నా మూతపడ్డవే మనకు ఎక్కువ నేర్పాయి.

2000 మే నెల దాకా జీపీఎస్ సిగ్నల్‌ను అమెరికా ప్రభుత్వం కావాలనే కాస్త చెడగొట్టి మామూలు జనానికి ఇచ్చేది. దానివల్ల వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. మే 2న ఆ అడ్డు తీసేశారు. మర్నాడే ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్ దాచి, అందులో కొన్ని వస్తువులు, ఒక నోటు పుస్తకం పెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో రాశాడు. దొరికితే ఒకటి తీసుకోండి, ఇంకొకటి పెట్టండి, పుస్తకంలో రాయండి, అంతే. దాన్నే ఇప్పుడు జియోకాషింగ్ అంటున్నాం. పాతికేళ్లు దాటినా ప్రపంచమంతా ఇంకా ఆడుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఇంకో కథ. అదే 2000లో డెనిస్ క్రౌలీ, అలెక్స్ రైనెర్ట్ కలిసి డాడ్జ్‌బాల్ అనేది మొదలుపెట్టారు. ఎక్కడున్నారో ఎస్సెమ్మెస్ పంపితే చుట్టుపక్కల ఉన్న స్నేహితులకు తెలిసేది. 2005లో గూగుల్ కొంది, 2009లో మూసేసింది. క్రౌలీ ఊరుకోలేదు. నవీన్ సెల్వదురైతో కలిసి 2009 మార్చిలో ఫోర్‌స్క్వేర్ తెచ్చాడు. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా చెక్-ఇన్ కొట్టడం, అంటే ‘నేనిక్కడున్నాను’ అని యాప్‌లో నమోదు చేయడం, బ్యాడ్జీలు, ఒక చోటుకు అందరికన్నా ఎక్కువగా వెళ్తే ‘మేయర్’ పదవి. (నవ్వులు) చూశారా, నవ్వుతున్నవాళ్లంతా మాజీ మేయర్లే.

అప్పట్లో అందరూ దాని వెంటే పడ్డారు. గోవాలా అని పోటీ యాప్ వచ్చింది. 2010 ఆగస్టులో ఫేస్‌బుక్ ‘ప్లేసెస్’ తెచ్చింది. మరుసటి ఏడాది చివర్లో గోవాలాను ఫేస్‌బుక్ తీసుకుంది, 2012లో అది మూతపడింది. ఫోర్‌స్క్వేర్ 2014లో చెక్-ఇన్లను విడదీసి స్వార్మ్ అనే వేరే యాప్‌లో పెట్టింది. అసలు ఫోర్‌స్క్వేర్ యాప్ 2024 డిసెంబరులో ఆగిపోయింది. స్వార్మ్ ఇంకా ఉంది, దాన్ని డైరీలా వాడుకునేవాళ్లున్నారు. కానీ లోకమంతా చెక్-ఇన్ కొట్టే రోజులు మూన్నాళ్ల ముచ్చటే అయ్యాయి.

టెక్నాలజీ చేతకాక ఆగిపోయిందంటే నేను ఒప్పుకోను. ‘నేనిక్కడున్నాను’ అన్న ముక్కలో చెప్పేవాడికి సరదా ఉంది, చూసేవాడికి ఏముంది? మేయర్ అయ్యేది ఒక్కడే, మిగతావాళ్లకు నాలుగు రోజుల్లో విసుగు పుడుతుంది. బకెట్ వెతుక్కుంటూ వెళ్లినవాడికి మాత్రం అక్కడ ఏదో ఒకటి దొరుకుతుంది. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. జనాన్ని లొకేషన్ అడుగుతున్నాం సరే, ఆ చోట వాళ్లకు మనం ఏం ఇస్తున్నాం?

ఇన్‌స్టాగ్రామ్ పుట్టుక చూడండి. కెవిన్ సిస్ట్రామ్ మొదట చేసింది బర్బన్ అనే చెక్-ఇన్ యాప్. అందులో చెక్-ఇన్లు, ప్లాన్లు, పాయింట్లు, ఫొటోలు అన్నీ ఉండేవి. జనం మాత్రం ఫొటోలే వాడుతున్నారని ఆయనా, మైక్ క్రీగరూ గమనించారు. మిగతావన్నీ పీకేసి 2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ వదిలారు. లొకేషన్ పోలేదు, ఫొటో పైన చిన్న అక్షరాల్లో ఒక లైనుగా మిగిలింది. దాని స్థానం అదే. ఊసు ఉంటేనే ఊరి పేరుకు పని.

సరిగ్గా అదే ఏడాది లండన్ మ్యూజియం వాళ్లు ‘స్ట్రీట్‌మ్యూజియం’ అనే యాప్ తెచ్చారు. నగరంలో వాళ్లు ఎంచుకున్న వీధుల్లో నిలబడి ఫోన్ పైకెత్తితే, అదే వీధి పాత ఫొటో ఇప్పటి దృశ్యం మీద పరుచుకుని కనిపించేది. ఆ ఫొటోలు మ్యూజియం దగ్గర ఎప్పటినుంచో ఉన్నవే. కొత్తగా చేసిందల్లా వాటిని తీసిన చోటికి తిరిగి చేర్చడం. ఇది యాప్ లేకుండా కూడా చేయొచ్చు. మీ బీరువాల్లో పాత ఫొటోలు ఉన్నాయి కదా, వాటిలో ఒకటి తీసుకుని, అది తీసిన చోటే నిలబడి ఇప్పటి ఫొటో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి, కచ్చితంగా ఆ చోటుకే ట్యాగ్ చేసి చూడండి.

‘కచ్చితంగా ఆ చోటుకే’ అన్నానని గమనించండి. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే రోజూ చేసే పని ఇదే, రోజూ పాడయ్యేదీ ఇదే.

ఒక పాత వంతెన ఉందనుకుందాం. మామూలుగా మనం పెట్టే పోస్ట్ ఎలా ఉంటుంది? సాయంత్రం ఎండలో వంతెన ఫొటో. కింద ‘మన చారిత్రక వంతెనను సందర్శించండి’ అని ఒక లైను. ఆ కింద కొండవీటి చాంతాడంత హ్యాష్‌ట్యాగులు. లొకేషన్ దగ్గర ఊరి పేరు. లైకులు వస్తాయి, కాదనను. కానీ ఆ పోస్ట్ చూసి వంతెన దాకా వెళ్లినవాడు అక్కడ కొత్తగా చూసేదేమీ ఉండదు, ఫొటోలోనే చూసేశాడు.

దాన్నే ఇంకో రకంగా చేద్దాం. ఫొటోలో వంతెన మొత్తం లేదు. ఒక స్తంభం మీద మనిషి ఎత్తున చెక్కిన చిన్న గీత మాత్రమే ఉంది. రాసింది ఇది: ‘వరదప్పుడు నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి. మెట్లు దిగాక మూడో స్తంభం. దీనికన్నా పైన ఇంకో గీత ఉంది, అది ఏ స్తంభం మీదో చెప్పగలరా?’ లొకేషన్ దగ్గర వంతెన పేరు. హ్యాష్‌ట్యాగులు రెండో మూడో, అవి కూడా జనం నిజంగా వెతికేవి.

దీనికి లైకులు తక్కువే పడొచ్చు. అయినా చూడండి, ఇంటి దగ్గర కూర్చుని చదివేవాడికి ఒక ప్రశ్న దొరికింది, వెళ్లేవాడికి అక్కడ చేయడానికి ఒక పని దొరికింది. రెండు రోజులాగి ఎవరో ఒకరు ‘ఆ వరద మా తాతయ్య చూశాడు, మేడ మీద రెండు రాత్రులు ఉన్నారట’ అని రాస్తారు. ఆ కామెంట్ కోసమే మీరు ఆ పోస్ట్ పెట్టారు. దాని కింద చప్పట్ల బొమ్మ పెట్టి ఊరుకోకండి. ‘ఏ వీధిలో మేడ అండీ? ఫొటో ఏమైనా ఉందా?’ అని అడగండి. సంభాషణ అక్కడినుంచి మొదలవుతుంది. వారం తర్వాత ఆయన అనుమతితో ఆ కథే ఇంకో పోస్ట్ అవుతుంది.

ఇంకో మాట. పోస్ట్ పెట్టే ముందు మీ చోటు పేరు కొట్టి, అక్కడ ఇప్పటికే ఎవరు ఏం పెట్టారో చదవండి. చాలామంది ఈ పని చేయరు, నాకది ఆశ్చర్యంగా ఉంటుంది. మీరు పిలవకుండానే వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లినవాళ్లు అక్కడ ఉంటారు. ఏ మూల నిలబడి తీస్తున్నారు, ఏ బోర్డు అర్థంకాక ఎగతాళి చేస్తున్నారు, ఏ తలుపు మూసి ఉందని విసుక్కుంటున్నారు, అన్నీ తెలుస్తాయి. పనిలో పనిగా, ఒకే చోటుకు రెండు మూడు పేర్లతో, రెండు మూడు స్పెల్లింగులతో ట్యాగులు ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే జనం చెల్లాచెదురైపోతారు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని మీరు ఎప్పుడూ అదే వాడండి, సందర్శకులకు కనిపించేలా గోడ మీద కూడా అదే రాయండి.

కామెంట్లు రావడం లేదని బాధపడేవాళ్లకు ఒక లెక్క. జనం వెబ్‌సైట్లను ఎలా వాడతారో పరిశోధించే జాకబ్ నీల్సన్ 2006లో ఒక సూత్రం చెప్పారు. ఆన్‌లైన్ సమూహాల్లో సుమారు 90 శాతం ఊరికే చదివి వెళ్తారు, 9 శాతం అప్పుడప్పుడు ఏదో అంటారు, రాసేదంతా దాదాపు ఆ మిగిలిన ఒక్క శాతమే. ఇది ఉజ్జాయింపు, రాతిమీద రాసిన లెక్క కాదు. కానీ ‘మీ అనుభవం రాయండి’ అంటే ఎందుకు ఎవరూ రాయరో దీన్నిబట్టి తెలుస్తుంది. అంత పెద్ద పని ఎవరికీ ఓపిక ఉండదు. ‘ఏ స్తంభం?’ అని అడిగితే ఒక అంకె టైప్ చేస్తే చాలు.

పోకెమాన్ గో సంగతి చెప్పకుండా ఈ అంశం పూర్తికాదు. ఫోన్ పట్టుకుని వీధుల్లో తిరుగుతూ బొమ్మ జీవులను పట్టుకునే ఆట అది. 2016 జులైలో నియాంటిక్ అనే కంపెనీ దాన్ని వదిలింది. అందులోని పోకెస్టాప్‌లు, అంటే ఆటలో సామాన్ల కోసం వెళ్లాల్సిన నిజమైన చోట్లు, ఎక్కడినుంచి వచ్చాయో తెలుసా? చాలావాటిని అంతకుముందు వాళ్లదే ఇంగ్రెస్ అనే ఆట ఆడినవాళ్లు సూచించారు. విగ్రహాలు, గోడ బొమ్మలు, లైబ్రరీలు, పాత కట్టడాలు. అలా కొన్నేళ్లపాటు ఆటగాళ్లు కూడబెట్టిన చోట్ల జాబితా మీద ఇంకో ఆట లేచింది. దాంతో ఎన్నో లైబ్రరీలు, మ్యూజియాలు తెల్లారి లేచేసరికి తమకు తెలియకుండానే పోకెస్టాప్‌లు అయిపోయాయి. కొందరు తలుపులు బార్లా తీసి ‘రండి, లోపల చార్జింగ్ పాయింట్ కూడా ఉంది’ అన్నారు. నాజీలు చేసిన యూదుల ఊచకోతను గుర్తుచేసే వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం, ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం, ఆ ఊచకోత జరిగిన ఆష్విట్జ్ శిబిరం స్మారకం మాత్రం ఇక్కడ ఆడొద్దని అడగాల్సి వచ్చింది. వాళ్లు అడిగింది ముమ్మాటికీ న్యాయం. ఒక చోట ఏం చేయించవచ్చో, ఏం చేయించకూడదో ఆ చోటే చెబుతుంది. బ్యాడ్జీలు ప్రతిచోటా అతకవు.

ఇక నోటిఫికేషన్లు. ‘మా భవనం దగ్గరికి ఎవరైనా రాగానే ఫోన్‌లో మెసేజ్ టింగుమనాలి’ అని చాలామంది కోరిక. దీన్ని జియోఫెన్స్ అంటారు, మ్యాప్ మీద గుండ్రంగా కనిపించని కంచె. వినడానికి బాగుంటుంది. దగ్గరికి వెళ్లి చూద్దాం. ఆండ్రాయిడ్ డెవలపర్ల సూచనల్లోనే ఆ కంచెకు వ్యాసార్థం కనీసం 100 నుంచి 150 మీటర్లు పెట్టమని ఉంటుంది. పైగా బ్యాటరీ ఆదా కోసం, యాప్ వెనక ఉన్నప్పుడు ఫోన్ ఎడతెగకుండా లొకేషన్ చూస్తూ ఉండదు. కంచె దాటాక మెసేజ్ రావడానికి సగటున రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు, ఫోన్ చాలాసేపు కదలకుండా ఉంటే ఆరు నిమిషాల దాకా పట్టొచ్చు. మామూలుగా నడిచే మనిషి మూడు నిమిషాల్లో 250 మీటర్లు పోతాడు. అంటే ‘మీ ఎడమవైపు ఉన్న విగ్రహం చూడండి’ అని మీరు పంపిన మెసేజ్ వచ్చేసరికి ఆయన పక్క వీధిలో ఉంటాడు. బస్సులో ఉంటే చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి జియోఫెన్స్‌తో ‘మీరు ఈ పేట దరిదాపుల్లోకి వచ్చారు’ అన్నంత పెద్ద మాటే చెప్పించండి. విగ్రహం దగ్గర చెప్పాల్సింది విగ్రహం దగ్గరే పెట్టండి, ఒక క్యూఆర్ కోడ్ అతికించి. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్లు కార్ల విడిభాగాల లెక్క కోసం కనిపెట్టిన కోడ్ అది. మన పనికి అది ఎంత బాగా కుదిరిందో చూడండి. దాన్ని స్కాన్ చేసినవాడు అక్కడే ఉన్నాడని మీకు తెలుసు. యాప్ వేసుకోమని అడగక్కర్లేదు, లొకేషన్ ఆన్ చేయమని అడగక్కర్లేదు, ఆయన పేరేమిటో మీకు తెలియనక్కర్లేదు. నన్నడిగితే లొకేషన్ టెక్నాలజీలన్నిటిలోకీ మర్యాదస్తురాలు అదే.

మర్యాద మాట వచ్చింది కాబట్టి, యాప్ తెరిచీ తెరవగానే ‘మీ లొకేషన్ ఎప్పుడూ చూడటానికి అనుమతిస్తారా?’ అని అడిగేవాళ్ల గురించి. ముఖపరిచయం లేని మనిషి తలుపు తట్టి బీరువా తాళాలు అడిగినట్టుంటుంది అది. సహజంగానే జనం ‘వద్దు’ నొక్కుతారు. ఒకసారి వద్దన్నవాడిని మళ్లీ ఒప్పించాలంటే సెట్టింగ్స్‌లోకి పంపాలి, ఎవరు వెళ్తారు? ముందు మ్యాప్ చూపించండి, కథలు చదవనివ్వండి. ‘నాకు దగ్గర్లో ఏమున్నాయి’ అన్న బటన్ ఆయనే నొక్కినప్పుడు అడగండి. అప్పుడు కూడా ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నదే అడగండి. ఐఫోన్‌లో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో ఆ మరుసటి ఏడాది నుంచి కచ్చితమైన లొకేషన్ బదులు ఉజ్జాయింపుగా ఇచ్చే వీలుంది. దగ్గర్లో ఏమున్నాయో చెప్పడానికి చాలాసార్లు ఆ ఉజ్జాయింపు సరిపోతుంది.

‘పేర్లు తీసేసి దాచుకుంటాం, పర్వాలేదు’ అంటారు కొందరు. పర్వా ఉంది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో పేర్లు లేని మొబైల్ డేటా తీసుకున్నారు, 15 లక్షల మందిది, 15 నెలలది. ఎప్పుడు ఎక్కడున్నారన్న నాలుగు చుక్కలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని గుంపులోంచి విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది. నాలుగంటే నాలుగే. మనిషి తిరిగే దారి వేలిముద్రలాంటిదే అన్నమాట. పరుగు, సైకిల్ దారులు నమోదు చేసుకునే స్ట్రావా యాప్ సంగతి మీరు వినే ఉంటారు. జనం పరుగెత్తిన దారులన్నీ కలిపి 2017 చివర్లో ఒక అందమైన మ్యాప్ పెట్టారు. ఎవరి పేరూ లేదు. 2018 జనవరికల్లా అందులో ఎడారుల మధ్య మిణుకుమిణుకుమంటున్న సైనిక స్థావరాలు బయటపడ్డాయి. మీ దగ్గర లేని డేటా ఎవరూ దొంగిలించలేరు. అక్కర్లేనిది తీసుకోకపోవడమే అన్నిటికన్నా చవకైన భద్రత.

ఫొటోల విషయం కూడా. ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్‌లోనే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు దాగి ఉండొచ్చు. 2012లో పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్న యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ వ్యాపారి జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని ఒక పత్రిక పెట్టిన ఫొటో లోపలి డేటాతోనే బయటపడింది. పెద్ద సోషల్ మీడియా సైట్లు ఈ డేటాను పైకి కనిపించకుండా తీసేస్తాయి. మీ సొంత వెబ్‌సైట్‌లో పెట్టినప్పుడు ఆ పని మీదే. మీ కార్యక్రమాలకు పిల్లలు వస్తుంటే వాళ్లు అక్కడ ఉండగానే లొకేషన్‌తో పోస్ట్ పెట్టకండి. అందరూ ఇళ్లకు వెళ్లాక పెట్టండి, పోస్ట్ చద్దిదైపోదు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

(సభలోంచి ప్రశ్న: మాది ప్రకృతి ప్రేమికుల బృందం. పక్షుల గూళ్లు, అరుదైన మొక్కలు పోస్ట్ చేస్తుంటాం. చోటు చెప్పకపోతే జనానికి ఆసక్తి ఉండదు కదా?)

చోటు చెప్పండి, కానీ ఎంత కచ్చితంగా చెప్పాలన్నది మీ చేతిలో ఉంచుకోండి. మొక్కలు, జంతువులు ఎక్కడ కనిపించాయో జనం నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైట్ వాళ్లు చేసేది చూడండి. ముప్పులో ఉన్న జాతి అయితే, అసలు బిందువు దాచి, 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చోట చుక్క పెడతారు. భూమధ్యరేఖ దగ్గర అది 22 కిలోమీటర్ల గడి. ఈ అడవిలో ఇది ఉందని లోకానికి తెలుస్తుంది, ఏ చెట్టు మీదో తెలియదు. అమెరికాలో జాక్సన్ హోల్ పర్యాటక బోర్డు వాళ్లయితే 2018లో ఏకంగా ‘కచ్చితమైన చోటు ట్యాగ్ చేయకండి’ అని ప్రచారమే చేశారు. పర్యాటకం వాళ్లే ఆ మాట అన్నారంటే అక్కడి కాలిబాటలు ఎంత నలిగి ఉంటాయో మీరే ఊహించుకోండి. మీరు అడవి పేరుకు ట్యాగ్ చేసి, గూడు ఫొటో దగ్గర్నుంచి పెట్టండి. ఆసక్తి ఫొటోలో ఉంటుంది, అంకెల్లో ఉండదు.

(ప్రశ్న: మాకు సొంత యాప్ చేయించుకోమని సలహా ఇస్తున్నారు. చేయించాలా?)

చేయించాక దాన్ని ఏటా ఎవరు చూసుకుంటారో చెప్పండి, అప్పుడు జవాబిస్తాను. (నవ్వులు) కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఫోన్ల సాఫ్ట్‌వేర్ ఏటా మారుతుంది, లొకేషన్ అనుమతుల నిబంధనలు దాంతోపాటే మారతాయి. చూసుకునే మనిషి లేకపోతే రెండేళ్లలో అది తెరుచుకోదు. జనం ఇప్పటికే వాడుతున్న మ్యాపుల్లో మీ వివరాలు సరిగ్గా ఉన్నాయా? అక్కడ మొదలుపెట్టండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది, 2004 నుంచి నడుస్తోంది, ఎవరైనా ఉచితంగా ఖాతా తెరిచి దిద్దొచ్చు. చాలా యాప్‌లు ఆ మ్యాప్ డేటానే వాడుకుంటాయి. మీ ప్రవేశద్వారం ఏ వీధి వైపు ఉంది, ఎన్ని గంటలకు తెరుస్తారు, చక్రాల కుర్చీ లోపలికి వస్తుందా, ఇవి సరిచేయడానికి ఒక మధ్యాహ్నం చాలు. వెనక గేటు దగ్గర పిన్ ఉన్నంతకాలం ఎంత మంచి పోస్ట్ పెట్టినా జనం వెనక గేటు దగ్గరికే వస్తారు.

(ప్రశ్న: మా పైవాళ్లు నెలాఖరుకు ఫాలోవర్ల సంఖ్యే అడుగుతారు. వేరే ఏం చూపించాలి?)

అడిగిన అంకె ఇచ్చేయండి, గొడవెందుకు. దాని పక్కన ఇంకో రెండు పెట్టండి. ఒకటి, ఒక్కో క్యూఆర్ కోడ్‌ను ఆ నెలలో ఎంతమంది స్కాన్ చేశారో. ప్రతి చోటుకూ వేరే లింకు పెడితే ఏ గదిలో జనం ఆగుతున్నారో, ఏ గది దాటేసి వెళ్తున్నారో తెలుస్తుంది. రెండోది, ‘చాలా బాగుంది’ లాంటివి వదిలేసి, మీకు తెలియని విషయం చెప్పిన కామెంట్లు ఎన్ని వచ్చాయో. అవి పట్టుమని పది కూడా ఉండకపోవచ్చు. అంకెలతో పాటు వాటిని ఉన్నవి ఉన్నట్టు ప్రింట్ తీసి జతచేయండి, పైవాళ్లు చదువుతారు.